టచ్ పవర్ స్విచ్ మొండికేస్తే ఎక్కడ వెతకాలి?

నా కంప్యూటర్ కేబినెట్ టేకు చెక్కతో చేయించుకున్నాను. ముందువైపు బటన్ కోసం బెజ్జం పెట్టడం ఇష్టం లేక, చెక్క వెనకాల టచ్ మాడ్యూల్ (వేలు తాకితే పసిగట్టే చిన్న సర్క్యూట్) బిగించాను. టీటీపీ 223 చిప్‌తో వచ్చే చిన్న మాడ్యూల్ అది. దానికి మూడే కనెక్షన్లు: పవర్, గ్రౌండ్, ఔట్‌పుట్. చూడ్డానికి తేలికే గానీ, సరిగ్గా పనిచేయించడానికి చాలా తిప్పలు పడ్డాను.

మదర్‌బోర్డుకి పవర్ బటన్ అంటే రెండు పిన్నులు ఒక్క క్షణం కలిసి విడిపోవడమే. అవి నాలుగు సెకన్లు కలిసే ఉంటే బలవంతంగా ఆపేయమని అర్థం చేసుకుంటుంది. కింద చెప్పే సమస్యల్లో సగం ఇక్కడే పుడతాయి.

వేలు పెట్టినా మాడ్యూల్ మీది లైటు వెలగదు

మాడ్యూల్‌కి కరెంటు ఎక్కడినుంచి తీశారో చూడండి. హార్డ్‌డిస్క్‌కి వెళ్లే ఎర్ర తీగలో 5 వోల్టులు కంప్యూటర్ ఆన్ అయ్యాకే వస్తాయి. ఆన్ చేయాల్సిన స్విచ్‌కి అది పనికిరాదు. ఆపి ఉన్నప్పుడు కూడా కరెంటు ఉండేది వంకాయ రంగు తీగలో, అంటే మదర్‌బోర్డుకి వెళ్లే 24 పిన్నుల ప్లగ్‌లో 9వ పిన్నులో. ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కి కరెంటు ఇచ్చే పెట్టె) తీగ కోయకండి. 24 పిన్నుల ఎక్స్‌టెన్షన్ కేబుల్ ఒకటి కొని, దాని 9వ పిన్ను తీగ నుంచి తీసుకోండి. యూఎస్‌బీ నుంచి తీసుకుంటే బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల మెనూలో) ఈఆర్‌పీ అనే కరెంటు ఆదా సెట్టింగ్ ఆఫ్‌లో ఉందో లేదో చూడండి. అది ఆన్‌లో ఉంటే ఆ 5 వోల్టులు పోతాయి.

సోల్డరింగ్‌కి ముందు ఎస్‌ఎంపీఎస్ వెనక స్విచ్ ఆపేయండి. కంప్యూటర్ ఆపినంత మాత్రాన ఈ తీగలో కరెంటు పోదు.

లైటు వెలుగుతుంది, కంప్యూటర్ ఆన్ కాదు

మామూలు బటన్‌కి తీగలు అటూ ఇటూ మారినా ఫర్వాలేదు. మాడ్యూల్‌కీ మదర్‌బోర్డుకీ మధ్యలో పీసీ 817 ఆప్టోకప్లర్ (రెండువైపులా తీగలు కలవకుండా వెలుతురుతో సంకేతం పంపే నాలుగు కాళ్ల భాగం) పెట్టినప్పుడు అలా కుదరదు. చుక్క ఉన్న కాలు 1. మాడ్యూల్ ఔట్‌పుట్ 1 కిలో ఓమ్ రెసిస్టర్ ద్వారా దానికి వెళ్లాలి, 2వ కాలు గ్రౌండ్‌కి. అవతలివైపు 4వ కాలు మదర్‌బోర్డు పవర్ స్విచ్ ప్లస్ పిన్నుకి, 3వది గ్రౌండ్ పిన్నుకి. రెండు పిన్నుల్లో ఏది గ్రౌండో తెలియకపోతే, కంప్యూటర్ కరెంటు ప్లగ్ పీకేసి మల్టీమీటర్‌ని బీప్ మోడ్‌లో పెట్టి, ఎస్‌ఎంపీఎస్ నల్ల తీగకీ ఒక్కో పిన్నుకీ మధ్య చూడండి. బీప్ వచ్చింది గ్రౌండ్.

ఆన్ అయిన నాలుగైదు సెకన్లకే ఆగిపోతుంది

ఔట్‌పుట్ విడుదల కావడం లేదు. మాడ్యూల్ మీద ఏ, బీ అని రెండు సోల్డర్ ప్యాడ్లు ఉంటాయి. బీ కలిపి ఉంటే ఒకసారి తాకితే ఆన్, మళ్లీ తాకితేనే ఆఫ్. ఏ కలిపి ఉంటే ఔట్‌పుట్ తలకిందులై, తాకనప్పుడు కూడా బటన్ నొక్కినట్టే ఉంటుంది. మనకు రెండూ విడిగా ఉండాలి. ఆప్టోకప్లర్ లేకుండా ఔట్‌పుట్‌ని నేరుగా పిన్నుకి కలిపినా ఇదే జరుగుతుంది, ఎందుకంటే తాకనప్పుడు ఆ ఔట్‌పుట్ గ్రౌండ్ దగ్గరే ఉంటుంది. పది రూపాయల భాగం కదా అని దాన్ని వదిలేయకండి.

ఎవరూ తాకకుండానే ఆన్ అవుతుంది

నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఏడిపించింది ఇదే. ముందు పవర్ స్విచ్ పిన్నుల నుంచి మీ తీగలు పీకేయండి. కరెంటు పోయి వచ్చినప్పుడు అప్పటికీ ఆన్ అవుతుంటే టచ్ తప్పేమీ లేదు. బయోస్‌లో కరెంటు తిరిగొస్తే ఏం చేయాలనే సెట్టింగ్ ఉంటుంది, దాన్ని ఆఫ్‌కి మార్చండి.

తీగలు పెట్టినప్పుడే ఆన్ అవుతుంటే ఎర్తింగ్ చూడాలి. కేబినెట్ ఇనుప భాగాన్ని తాకితే సన్నగా జివ్వుమంటోందా? టెస్టర్ వెలుగుతోందా? చాలా ఇళ్లలో ప్లగ్‌కి మూడో రంధ్రం ఉంటుంది, దాని వెనక ఎర్త్ తీగ ఉండదు. అప్పుడు ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల ఇనుప భాగం, దాంతోపాటు మాడ్యూల్ గ్రౌండ్ కూడా, 230లో దాదాపు సగం వోల్టుల మీద తేలుతుంటాయి. వేలి వల్ల వచ్చే చిన్న మార్పుని పసిగట్టాల్సిన చిప్ అక్కడ గందరగోళపడుతుంది. చెప్పులతో ఒకలా, వట్టికాళ్లతో ఒకలా పనిచేస్తోందంటే అనుమానం ఇటే పెట్టుకోండి. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్త్ వేయించండి. స్విచ్ సంగతి అలా ఉంచితే, ఇంట్లో పిల్లల కోసమైనా ఆ పని జరగాలి.

ఎర్తింగ్ బాగానే ఉంటే, మాడ్యూల్ పవర్‌కీ గ్రౌండ్‌కీ మధ్య 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టండి. టచ్ ప్లేటుకి (వేలిని పసిగట్టే రేకుకి) వెళ్లే తీగ పొట్టిగా, ఫ్యాన్ తీగలకు దూరంగా ఉండాలి.

చెక్క మీంచి తాకితే పట్టదు

మాడ్యూల్‌కీ చెక్కకీ మధ్య గాలి ఉండకూడదు. డబుల్ టేప్‌తో అదిమి అంటించండి. అయినా పట్టకపోతే వెనకవైపు చెక్క పలచగా చెక్కించండి, లేదా రాగి రేకు ముక్కని మాడ్యూల్ టచ్ ప్యాడ్‌కి సోల్డర్ చేసి టచ్ ప్లేటు పెద్దది చేయండి. అప్పుడు చురుకు మరీ ఎక్కువై చేయి దగ్గరికి రాగానే ఆన్ అయిపోతుంటే, ఆ టచ్ ప్యాడ్‌కీ గ్రౌండ్‌కీ మధ్య కొద్ది పికోఫారడ్ల కెపాసిటర్ పెడితే చురుకు తగ్గుతుంది. 50 పికోఫారడ్లు దాటించకండి. బిగించడం పూర్తయ్యాకే కరెంటు ఇవ్వండి. ఇచ్చాక అర సెకను దాకా చిప్ తన చుట్టూ ఉన్నదాన్ని కొలుచుకుంటుంది, అంతవరకు దాని మీద చేయి పెట్టకండి.