ఎండలు ముదరకముందే చర్మం జాగ్రత్త

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందంటారు. కర్నూలు, అనంతపురం, కడప వైపు అది అలా వెళ్లగానే ఎండ మొదలవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటడం మనకు మామూలే. వడదెబ్బ గురించి అందరం ఒకరికొకరం చెప్పుకుంటాం. చర్మం సంగతి మాత్రం మచ్చలు పడ్డాకే గుర్తొస్తుంది.

ఎండకు నల్లబడటం రోగం కాదు. లోపలి కణాలు దెబ్బతినకుండా చర్మం మెలనిన్ అనే రంగును ఎక్కువగా తయారుచేసుకుంటుంది, అంతే. ఎండలో తిరగడం తగ్గితే కొన్ని నెలల్లో అదే మామూలవుతుంది. భయపడాల్సింది మచ్చలకు. బుగ్గల మీద, ముక్కు మీద మంగు పడితే పోగొట్టడం చాలా కష్టం. చెమటకాయలను గోళ్లతో గీరినా, మొటిమలను గిల్లినా అక్కడ నల్లమచ్చ మిగులుతుంది.

పొలం పనికి, ఉపాధి పనికి పోయేవాళ్లకు అన్ని క్రీములకన్నా గుడ్డే మేలు. చీర మీద మగవాళ్ల పాత ఫుల్ హ్యాండ్స్ చొక్కా తొడుక్కుని, తలకు తువ్వాలు చుట్టుకుని చేలో కలుపు తీసే మన ఆడవాళ్లు చేస్తున్నది సరైన పనే. కాకపోతే గుడ్డను ఒకసారి వెలుతురుకు అడ్డం పెట్టి చూసుకోవాలి. అవతలిది కనబడుతుంటే ఎండ కూడా దిగుతుంది. పలచని తెల్ల గుడ్డ తడిస్తే ఇంకా ఎక్కువ దిగుతుంది. చల్లదనం కోసం తువ్వాలు తడుపుకుంటే రెండు మడతలు వేసి కప్పుకోండి. నీడ మనకన్నా పొట్టిగా ఉన్నంతసేపూ ఎండ తీవ్రంగా ఉన్నట్టే లెక్క. ఆ వేళకు చెట్టు కిందికి చేరగలిగితే మంచిది. ఇసుక, సున్నం కొట్టిన గోడలు వెలుగును తిప్పి కొడతాయి కాబట్టి గొడుగు వేసుకున్నా ముఖానికి గుడ్డ ఉండాలి. జూన్‌లో మబ్బు పట్టిందని విత్తనం వేసేటప్పుడు అన్నీ తీసేయకండి. మబ్బులోంచి కూడా అతినీలలోహిత కిరణాలు వస్తాయి.

బండి మీద తిరిగేవాళ్లకు ముందు నల్లబడేది హ్యాండిల్ పట్టుకున్న చేతుల వెనకభాగం. బస్సులో కిటికీ అద్దం వేసుకున్నామని ధీమా వద్దు. అతినీలలోహిత కిరణాల్లో మచ్చలు తెచ్చే యూవీఏ రకం కిరణాలు అద్దంలోంచి చాలావరకు లోపలికి వస్తాయి.

సన్‌స్క్రీన్ వాడగలిగినవాళ్లు ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే అంకె) 30 లేదా అంతకన్నా ఎక్కువ ఉన్నది తీసుకోండి. 30 ఉన్నది చర్మాన్ని కమిలించే యూవీబీ కిరణాలను దాదాపు 97 శాతం, 50 ఉన్నది 98 శాతం ఆపుతుంది. పెద్ద అంకె కోసం ఎక్కువ డబ్బు పెట్టక్కర్లేదు, రాసే మోతాదే ముఖ్యం. చూపుడువేలు, నడిమివేలు పొడవునా పిండినంత క్రీము ముఖానికి, మెడకు కావాలి. బయలుదేరే పావుగంట ముందు రాసి, ఎండలోనే ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. చెమట పడితే ఇంకా ముందే రాయాలి. మంగు ఉన్నవాళ్లకు ఐరన్ ఆక్సైడ్ కలిసిన రంగు సన్‌స్క్రీన్ మేలు, ఎందుకంటే మామూలు వెలుగు కూడా మంగును పెంచుతుంది. గర్భంతో ఉన్నప్పుడు, గర్భనిరోధక మాత్రలు వాడేటప్పుడు మంగు సులువుగా వస్తుంది. అప్పుడు మరింత జాగ్రత్తపడాలి.

ఎండకన్నా నన్ను ఎక్కువ బాధపెట్టేది మందుల షాపులో చీటీ లేకుండా కొనే ట్యూబు. ముఖం నల్లబడిందని అడిగితే చేతిలో పెడతారు. వారం పది రోజుల్లో ముఖం తేటగా కనిపిస్తుంది. అది చూసి అక్కకు, చెల్లెలికి, పక్కింటి పిల్లకు కూడా చెప్తారు. ట్యూబు తిప్పి చూడండి: బెటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ అని ఉంటే అది స్టెరాయిడ్. డాక్టరు చెప్పినన్ని రోజులే వాడాల్సిన మందు. నెలల తరబడి ముఖానికి రాస్తే చర్మం పలచబడి ఎర్ర నరాలు తేలతాయి, మొటిమలు వస్తాయి, ముఖం మీద వెంట్రుకలు పెరుగుతాయి. మానేస్తే మంట, ఆపైన ముందుకన్నా ఎక్కువ నలుపు. తొడల మధ్య తామరకు అదే రాస్తే దురద తగ్గినట్టుండి తామర ఒళ్లంతా పాకుతుంది. ఇప్పటికే చాలాకాలంగా వాడుతుంటే ఒక్కసారిగా ఆపకుండా చర్మం డాక్టరును కలవండి, ట్యూబు కూడా వెంట తీసుకుపోండి. తయారీదారు పేరు లేని తెల్లబడే క్రీముల జోలికి అసలు పోవద్దు. కొన్నిట్లో పాదరసం ఉంటుంది, అది మూత్రపిండాలను దెబ్బతీస్తుంది.

ముఖానికి నిమ్మరసం రాసుకుని ఎండలోకి పోతే బొబ్బలెక్కి ముదురు మచ్చలు పడతాయి. నిమ్మకాయలు కోసేవాళ్లు, రసం పిండేవాళ్లు చేతులు సబ్బుతో కడుక్కున్నాకే ఎండలోకి రావాలి. మామిడి కోతల్లో సొన పడినచోట కూడా వెంటనే కడగాలి, లేకపోతే చర్మం కాలి నల్లమచ్చ నిలిచిపోతుంది. నలుగు పెట్టుకోండి గానీ నలుపు పోవాలని గట్టిగా రుద్దకండి. రాపిడికి చర్మం ఇంకా నల్లబడుతుంది. డాక్సీసైక్లిన్ వంటి మాత్రలు వాడే రోజుల్లో కాసేపటి ఎండకే చర్మం కమిలిపోతుంది. కమిలితే చల్లటి నీళ్ల గుడ్డ వేయండి. ఐసు, పేస్టు వద్దు.

మచ్చలన్నీ నల్లగానే ఉండవు. చెమటకు మెడ, వీపు మీద పొట్టు రాలే తెల్లమచ్చలు వస్తే అది శోభి కావచ్చు, ఫంగస్ మందుతో తగ్గుతుంది. రంగు కలవడానికి మాత్రం కొన్ని నెలలు పడుతుంది. బొట్టుబిళ్ల జిగురు పడక నుదుట తెల్లమచ్చ వచ్చేవాళ్లూ ఉన్నారు. దురద మొదలవగానే బిళ్ల మానేయాలి. పాలిపోయిన మచ్చ మీద తాకినా, గిల్లినా తెలియకపోతే ఎండవల్లే అని ఊరుకోకండి, అది కుష్ఠు కావచ్చు. దగ్గరున్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించుకోండి, మందులు ఉచితంగా ఇస్తారు. త్వరగా మొదలుపెడితే పూర్తిగా నయమవుతుంది.