ఇటలీ పల్లెలో యోగా రిట్రీట్: ఎక్కడెక్కడ తేడా కొడుతుంది, ఎలా సరిచేసుకోవాలి

మొదటిసారి 14 మందితో టస్కనీ వెళ్లే ముందు నెల రోజులు నేను బుర్ర పెట్టింది ఒక్కదాని మీదే: ఏ పూట ఏ ఆసనాలు, ప్రాణాయామం ఎప్పుడు, యోగనిద్ర ఎప్పుడు. తీరా వెళ్లాక వాటిలో ఒక్క ఇబ్బందీ రాలేదు. ఏడిపించినవి కరెంటు మీటరు, కంకర రోడ్డు, జున్ను, తుపాకీ మోతలు.

ఇబ్బంది బయటపడేది అక్కడే. కానీ ఆరు నెలల ముందు, అక్కడ ఇల్లు అద్దెకిచ్చే ఇంటివాళ్లకు రాసిన మెయిల్‌లో మనం ఒక ప్రశ్న అడగలేదు చూడండి, అసలు తప్పు అక్కడుంది. అందుకే కింద వీలైనచోట రెండూ చెప్తున్నాను: అప్పటికప్పుడు ఏం చేయాలి, బుక్ చేసే ముందు ఏం అడగాలి. నా అనుభవం సియెనాకు దక్షిణాన ఉన్న వాల్ డోర్చా చుట్టుపక్కలది. పక్కనున్న ఉంబ్రియాకీ చాలావరకు ఇదే వర్తిస్తుంది.

పదముగ్గురికి వీసా వచ్చింది, ఒకరికి రాలేదు

గ్రూపుగా వెళ్లినా షెంజెన్ వీసా దరఖాస్తు ఎవరిది వాళ్లదే. ఒకరి కాగితాల్లో లోపం ఉంటే ఆ ఒక్కరిదే ఆగుతుంది. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచే దరఖాస్తు తీసుకుంటారు, కనీసం 15 రోజుల ముందైనా ఇవ్వాలి. మామూలుగా 15 రోజుల్లో తేలుతుంది, అదనపు పరిశీలన ఉంటే 45 రోజులు పట్టవచ్చు. మనవాళ్లు వేసవి సెలవుల కోసం అందరూ ఒకేసారి పడతారు కాబట్టి అపాయింట్‌మెంటే దొరకదు.

ఒక్క మనిషి పేరు మీద ఇల్లు బుక్ చేసి, ఆ కాగితమే అందరూ జత చేయడం పెద్ద పొరపాటు. ఇంటివాళ్ల దగ్గర నుంచి 14 పేర్లూ, పాస్‌పోర్టు నంబర్లూ ఉన్న లెటర్ తీసుకోండి. 30,000 యూరోలకు తగ్గని ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. పాస్‌పోర్టు తిరుగు ప్రయాణం తర్వాత ఇంకో 3 నెలలు చెల్లాలి. టీచర్‌కు అక్కడ క్లాసులు చెప్పినందుకు డబ్బు ఇస్తున్నారా? అయితే టూరిస్టు వీసా సరిపోతుందనుకోకండి, ముందే కనుక్కోండి.

ట్రిప్పు ఆగింది, అడ్వాన్స్ తిరిగి ఇవ్వం అంటున్నారు

ముందు ఒప్పందం తీసి ఒక్క పదం వెతకండి. అందులో ‘కపారా కన్ఫర్మతోరియా’ అని ఉంటే, ఇటలీ సివిల్ కోడ్ 1385వ అధికరణ ప్రకారం మనం వెనక్కి తగ్గితే ఆ డబ్బు వాళ్లదే. వాళ్లు వెనక్కి తగ్గితే రెట్టింపు ఇవ్వాలి. ‘అక్కోంతో’ అని ఉంటే అది బిల్లులో కొంత ముందు కట్టినట్టు. మామూలుగా తిరిగి రావాలి, కానీ తమకు జరిగిన నష్టం చూపించి వాళ్లు అడగవచ్చు. ఇంగ్లీషు అనువాదంలో రెండింటికీ ‘డిపాజిట్’ అనే రాస్తారు, అక్కడే దెబ్బ తింటాం.

డబ్బు పంపేశాక చేయగలిగింది తక్కువే. వాపసు అడగకుండా తేదీలు మార్చమని అడగండి, సీజన్ కాని నెలలకు చాలామంది ఒప్పుకుంటారు. ఇంకా పంపకపోతే మాత్రం, వీసా రానివాళ్ల వంతు ఏమవుతుందో, మనుషుల లెక్క ఏ తేదీలోపు ఖాయం చేయాలో రెండు వాక్యాలు రాయించుకోండి.

బస్సు కిందే ఆగిపోయింది, ఇల్లు కొండ మీద ఉంది

ఫొటోల్లో ఎంతో అందంగా కనిపించే ఆ తెల్లటి బాటలు, ‘స్ట్రాదే బియాంకే’, నిజానికి కంకర రోడ్లు. సైప్రస్ చెట్ల మధ్య మలుపుల్లో పెద్ద కోచ్ తిరగదు. మా డ్రైవర్ తారు రోడ్డు అయిపోయిన చోట ఇంజిన్ ఆపేసి చేతులు ఊపాడు. సూట్‌కేసులు, మ్యాట్లు మోసుకుంటూ కిలోమీటరు పైనే ఎక్కాం. ఆ రోజుకు అదే సూర్యనమస్కారం.

ఇల్లు బుక్ చేసేటప్పుడే ‘గేటు దాకా ఎన్ని సీట్ల బండి వస్తుంది?’ అని అడగండి. 14 మందికి రెండు వ్యాన్లు నయం. డ్రైవర్‌తో కలిపి 9 సీట్ల వరకు మామూలు కారు లైసెన్సే చాలు. అయితే 9 మందీ ఎక్కితే సామాను పట్టదు, బండికి ఏడుగురు అనుకోండి. మన లైసెన్సుతో పాటు ఆర్టీఏ ఇచ్చే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఉండాలి. సియెనా, ఫ్లోరెన్స్‌ల పాత ఊర్లలోకి బండి తోలకండి. జెడ్‌టీఎల్ అని బోర్డు ఉన్న చోట అనుమతి లేని కారు దాటితే కెమెరా పట్టేస్తుంది, మీరు ఇంటికొచ్చి ట్రిప్పు మర్చిపోయాక జరిమానా కాగితం వస్తుంది.

రైల్లో వస్తుంటే సమ్మె తేదీలు చూసుకోండి. వాటిని ముందే ప్రకటిస్తారు. సమ్మె రోజైనా పనిదినాల్లో ఉదయం 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9 మధ్య ప్రాంతీయ రైళ్లు కొన్ని తప్పక నడుస్తాయి.

కెటిల్ పెట్టగానే ఇల్లంతా చీకటి

నన్ను అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టింది ఇదే. మొదటి రాత్రి ఓవెన్‌లో కూరగాయలు కాలుతున్నాయి, పైన ఎవరో జుట్టు ఆరబెట్టుకుంటున్నారు, నేను టీ కోసం కెటిల్ స్విచ్ వేశాను. టక్ మని ఒక చప్పుడు. అంతా చీకటి. దూరంగా పక్క పొలంలోని ఇంట్లో మాత్రం దీపాలు హాయిగా వెలుగుతున్నాయి.

వైరింగ్‌లో లోపమేమీ లేదు. ఇటలీలో మామూలు ఇళ్లకు కరెంటు కనెక్షన్ 3 కిలోవాట్లే. దానికి కాస్త మించితే మీటరు కొద్దిసేపు ఓర్చుకుంటుంది, బాగా మించితే కట్ చేస్తుంది. కెటిల్ ఒక్కటే దాదాపు 2 కిలోవాట్లు. ఓవెన్ కూడా దాదాపు అంతే, హెయిర్ డ్రయ్యర్ కూడా తక్కువేం కాదు.

ముందు ఒకటి రెండు ప్లగ్గులు పీకేయండి. తర్వాత మీటరు మీది స్విచ్ పైకెత్తండి. చిక్కేమిటంటే ఆ మీటరు చాలాసార్లు ఇంట్లో ఉండదు. మాది గేటు పక్కన రాతి గోడలోని డబ్బాలో, రోజ్‌మేరీ పొద వెనక ఉంది. ఫోన్ లైట్‌తో వెతకడానికి ఇరవై నిమిషాలు పట్టింది. చేరిన రోజే వెలుతురు ఉండగా ఇంటావిడను అడిగి మీటరు ఎక్కడ, లోపలి ప్యానెల్ ఎక్కడ అని చూసుకోండి.

మీటరు స్విచ్ పైనే ఉండి కూడా ఇల్లు చీకటిగా ఉంటే, పడింది లోపలి ప్యానెల్‌లోని ‘సాల్వావీటా’. ప్రాణం కాపాడేది అని దాని అర్థం, షాక్ కొట్టకుండా ఆపే స్విచ్ అది. ఎత్తిన వెంటనే మళ్లీ పడుతోందంటే ఏదో వస్తువులో కరెంటు లీకవుతోంది. అన్నీ పీకి, స్విచ్ ఎత్తి, ఒక్కొక్కటే పెట్టుకుంటూ రండి. ఏది పెట్టినప్పుడు పడిందో దాన్ని పక్కన పెట్టేయండి.

బుక్ చేసే ముందు అడగాల్సింది: ‘కనెక్షన్ ఎన్ని కిలోవాట్లు? స్టవ్ గ్యాసా, ఇండక్షనా?’ 14 మందికి 3 కిలోవాట్లూ ఇండక్షనూ అంటే ఆ ఇల్లు వదిలేయండి. మన మూడు పిన్నుల ప్లగ్గులు అక్కడి సాకెట్లలో పట్టవు, అడాప్టర్లు ఇక్కడే కొనుక్కోండి.

అక్టోబరులో గది చల్లగా ఉంది, హీటర్ వేయమంటే వేయరు

ఇంటివాళ్ల పిసినారితనం అనుకున్నాం. చట్టమట. ఇటలీని చలిని బట్టి ఎ నుంచి ఎఫ్ దాకా ఆరు జోన్లు చేశారు. ఫ్లోరెన్స్ ఉన్న డి జోన్‌లో హీటింగ్ నవంబర్ 1 నుంచి ఏప్రిల్ 15 వరకే, అదీ రోజుకు 12 గంటలు మించకుండా. మిగతా రోజుల్లో చలి నిజంగా ఎక్కువైతే అందులో సగం గంటలు వేసుకోవచ్చు. ఈ సగం సంగతి తెలిస్తే మర్యాదగా అడగవచ్చు. లేకపోతే పొయ్యిలోకి కట్టెలు అడగండి. హీటింగ్‌కు వేరే డబ్బా, అద్దెలోనే కలిసిందా అన్నది ఒప్పందంలో చూసుకోవాలి. ఇవేవీ వద్దనుకుంటే మే, జూన్, లేదా సెప్టెంబర్. ఆగస్టు వద్దు: ఎండ మండిపోతుంది, 15వ తేదీ ఫెర్రగోస్తో పండగ చుట్టూ సగం షాపులు మూసేస్తారు.

ఐదున్నర క్లాసుకు ఎవరూ మ్యాట్ మీద నిలబడలేకపోతున్నారు

బ్రాహ్మీ ముహూర్తం అనుకుంటూ హైదరాబాద్ టైమ్‌టేబుల్‌ను అక్కడికి మోసుకెళ్లాను. సెప్టెంబర్ చివర్లో అక్కడ సూర్యుడు ఉదయించేది ఏడు దాటాక. ఐదున్నరకు చిమ్మచీకటి, గడ్డి నిండా మంచు, ఆలివ్ చెట్ల కింద నేల ఏటవాలు. వృక్షాసనంలో ఒక్కొక్కరూ ఒక్కో దిక్కుకు ఒరిగారు. జూన్ మధ్యలో అయితే ఆరు లోపే తెల్లారుతుంది కాబట్టి ఈ బాధ లేదు.

మొదటి రెండు రోజులు అందరికీ తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తుంది, ఎందుకంటే వేసవిలో మనకూ వాళ్లకూ తేడా మూడున్నర గంటలు. ఆ రెండు రోజులు లోపల ప్రాణాయామం పెట్టి, ఆసనాలు ఎనిమిదికి జరపండి.

లోపలి హాలు సంగతి ఫొటో చూసి నమ్మకండి. మనిషికి దాదాపు 3 చదరపు మీటర్లు లెక్కేస్తే 14 మందికి 42, టీచర్‌కు ఇంకాస్త. హాలు పొడవు, వెడల్పు మీటర్లలో అడగండి, మధ్యలో స్తంభాలు ఉన్నాయేమో కూడా. నేల ఎర్ర టెర్రకోట పలకలైతే పల్చటి ట్రావెల్ మ్యాట్ మీద మోకాళ్లు నొప్పెడతాయి, దుప్పటి మడిచి వేసుకోవాలి.

ధ్యానంలో ఉండగా తుపాకులు పేలుతున్నాయి

ఆదివారం ఉదయం, కళ్లు మూసుకుని కూర్చున్నాం. ఢాం. ఇంకోటి. మా గుంపులో అందరం అత్తయ్యగారు అని పిలిచే పెద్దావిడ కళ్లు తెరవకుండానే, “ఏమ్మా, ఇక్కడ కూడా పెళ్లి ఊరేగింపులేనా?” అన్నారు.

వేటగాళ్లు. సెప్టెంబర్ మూడో ఆదివారం నుంచి జనవరి 31 దాకా ఇటలీలో వేట సీజన్. కంచె లేని పొలాల్లోకి వాళ్లు రావచ్చు, సివిల్ కోడే ఆ వీలు ఇచ్చింది. కాబట్టి ఇంటావిడతో గొడవపడి లాభం లేదు. పనికొచ్చే విషయం ఒకటుంది: దేశమంతటా మంగళ, శుక్రవారాల్లో వేట నిషేధం. మౌన దినం పెట్టుకోవాలంటే మంగళవారమో శుక్రవారమో పెట్టుకోండి. అడవి బాటల్లో నడకా ఆ రోజుల్లోనే, మిగతా రోజుల్లో వెళ్తే కొట్టొచ్చే రంగు బట్టలు వేసుకోండి. ట్రాక్టర్ చప్పుడుకు మాత్రం మందు లేదు. అగ్రితురిస్మో, అంటే అతిథులకు బస ఇచ్చే పొలం ఇల్లు, అక్కడ చట్టం ప్రకారమే వ్యవసాయం ముందు, అతిథులు తర్వాత. ద్రాక్ష కోతల వారం కాకుండా చూసుకోవడం ఒక్కటే మన చేతిలో ఉంది.

వెజిటేరియన్ అని చెప్పాం, సూప్‌లో మాంసం రసం వచ్చింది

చాలామంది వంటవాళ్ల లెక్కలో ముక్క కనిపించకపోతే అది శాకాహారమే. ‘సెంజా కార్నే’, అంటే మాంసం వద్దు, అని చెప్తే చేప వస్తుంది. ఆగండి, ఇంకా ఉంది. పార్మిజానో జున్నును దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్‌తోనే పాలు విరగ్గొట్టి చేయాలని నియమం. పట్టింపున్నవాళ్లకు ఇది ముందే చెప్పాలి. తాజా పాస్తాలో గుడ్డు ఉంటుంది.

వద్దన్నవి విడివిడిగా రాసి ఇవ్వండి: కార్నే (మాంసం), పెషే (చేప), బ్రోదో (మాంసం రసం), స్ట్రుత్తో (పంది కొవ్వు), ఉవోవా (గుడ్లు). ఇంకా మంచి పద్ధతి, ఏం కావాలో వంటకాల పేర్లతో చెప్పడం. సియెనా వైపు పీచీ అనే లావుపాటి పాస్తాను మామూలుగా పిండి, నీళ్లతోనే చేస్తారు. బీన్స్, నల్ల క్యాబేజీ, పాత రొట్టె వేసి ఉడికించే రిబొల్లీతా ఉంది, రసం మాంసంది కాకుండా చూసుకుంటే చాలు. పీసా, లివోర్నో తీరంలో దొరికే చెచీనా అచ్చం మన శనగపిండి అట్టే, ఓవెన్‌లో కాల్చింది.

నాలుగో రోజుకు అందరికీ అన్నం గుర్తొస్తుంది. ఆర్బోరియో బియ్యం వండితే ముద్దైపోతుంది, పెద్ద సూపర్‌మార్కెట్లలో బాస్మతి దొరుకుతుంది. కందిపప్పు, పోపుల డబ్బా, ఆవకాయ తీసుకెళ్లండి. నెయ్యి, పాల స్వీట్లు మాత్రం ఈయూలోకి తీసుకురానివ్వరు, తాజా కరివేపాకుకు ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (మొక్కకు తెగుళ్లు లేవనే ధ్రువపత్రం) కావాలి. పెరుగుకు తియ్యటిది కాకుండా ‘బియాంకో నాతురాలే’ అని ఉన్న యోగర్ట్ కొనండి.

టస్కనీ రొట్టెలో ఉప్పు వేయరు, అది అక్కడి పద్ధతి. మొదటి రోజు “ఉప్పెయ్యడం మర్చిపోయారేమో, చెప్పమ్మా” అన్న అత్తయ్యగారే, మూడో రోజు ఆ రొట్టె ముక్క మీద ఆవకాయ నూనె రాసుకుని తింటూ కనిపించారు. తర్వాత ఇంటావిడ కూడా ఒక ముక్క అడిగి తీసుకుంది.

చివరి రోజు ఉదయం ఇంటావిడ నోట్లు అడుగుతోంది

మోసం కాదు. ‘ఇంపోస్తా ది సొజ్జోర్నో’ అని మనిషికి, రాత్రికి ఇంత చొప్పున మున్సిపాలిటీ వేసే పన్ను. ఊరిని బట్టి మారుతుంది, ఆన్‌లైన్‌లో కట్టిన అద్దెలో చాలాసార్లు ఉండదు. దీనితో పాటు శుభ్రం చేసినందుకు, కట్టెలకు కూడా లెక్క రావచ్చు. ఈ మొత్తం ఎంతో ముందే మెయిల్‌లో అడిగి, మొదటి రోజే తలా ఇంత అని వసూలు చేసి కవరులో పెట్టుకోండి. ఫ్లైట్ రోజు ఉదయం ఆరింటికి 14 మంది దగ్గర చిల్లర ఏరడం నావల్ల కాలేదు, మిగిలింది నా జేబులోంచే కట్టాను.