ఎన్‌క్రిప్షన్ తీసేయకుండానే ల్యాప్‌టాప్ స్పీడు పెంచాను

గుంటూరు మిర్చి యార్డులో మా బాబాయి కమీషన్ కొట్టు లెక్కలన్నీ ఓ పాత పెంటియం ల్యాప్‌టాప్‌లోనే. లినక్స్, డిస్కు మొత్తానికీ లక్స్ ఎన్‌క్రిప్షన్, అంటే పాస్‌వర్డ్ లేకుండా ఎవరూ డేటా చదవలేని తాళం. పెద్ద ఫైలు కాపీ పెడితే మౌస్ కూడా మొరాయించేది. "అసలా తాళమే పీకేయరా" అన్నాడు. రైతుల బ్యాంకు ఖాతాలున్న మెషీను, నేను ససేమిరా అన్నాను.

ఎన్‌క్రిప్షన్ అంటేనే స్లో అన్నది సగమే నిజం. ఏఈఎస్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతి లెక్కల్ని హార్డ్‌వేర్‌లోనే చేసేందుకు ఇంటెల్ 2010లో తెచ్చిన ఏఈఎస్-ఎన్ఐ ఉన్న ప్రాసెసర్లలో మామూలు పనికి తేడా తెలియదు. దీని ప్రాసెసర్ ఫ్లాగుల్లో, అంటే సదుపాయాల జాబితాలో, ఏఈఎస్ లేనే లేదు. సీపీయూని ఏది ఎంత వాడుతోందో చూపే టాప్ కమాండ్‌లో చూస్తే, ఎన్‌క్రిప్షన్ పని చేసే కేక్రిప్ట్‌డీ థ్రెడ్లే సీపీయూని తినేస్తున్నాయి.

బ్యాకప్ తీసి, ఏఈఎస్ బదులు అడియాంటమ్ అనే పద్ధతితో, 4096 బైట్ల సెక్టార్లతో (ఒక్కోసారి ఎన్‌క్రిప్ట్ చేసే ముక్కలతో) మళ్లీ ఎన్‌క్రిప్ట్ చేశాను. ఏఈఎస్ హార్డ్‌వేర్ లేని చవక ఫోన్ల కోసం గూగుల్ చేసింది ఈ అడియాంటమ్. ఇప్పుడు కాపీ నడుస్తుండగానే బాబాయి తక్‌పట్టీలు (రైతుకిచ్చే అమ్మకం బిల్లులు) కొట్టేస్తున్నాడు.