చంక ముడతకు నెల చందా: డబ్బు కట్టే గ్రూపు నడిపే పద్ధతి

విజయవాడ సత్యనారాయణపురంలో ఇరవై రెండేళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. నెలకు 199 రూపాయలు కట్టి చేరే టైలరింగ్ గ్రూపు ఒకటి ఫోన్లో నడుపుతున్నాను. ప్రస్తుతం 140 మంది ఉన్నారు. అందరూ ఇంట్లో మిషను పెట్టుకుని చుట్టుపక్కలవాళ్లకు కుట్టే ఆడవాళ్లే. ఈ మధ్య "మేమూ ఇలాంటిది పెట్టుకుంటాం, ఎలాగో చెప్పండి" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. మిద్దెతోట పెంచే ఆవిడ ఒకరు, పిల్లలకు అబాకస్ నేర్పే గుంటూరు ఆయన ఒకరు. ఒక్కొక్కరికీ ఫోన్లో గంటసేపు చెప్పే ఓపిక లేక ఇలా రాస్తున్నాను.

ముందు నేను బోల్తాపడ్డ సంగతి. 2020 లాక్‌డౌన్‌లో షాపు మూసుకుని కూర్చుంటే మా అబ్బాయి ఫోన్‌కి స్టాండు బిగించి నాతో నలభై వీడియోలు తీయించాడు. కొలతలు తీయడం దగ్గర్నుంచి ప్రిన్సెస్ కట్ దాకా అన్నీ. 999 రూపాయలు ఒక్కసారి కడితే అన్నీ చూడొచ్చు. అరవై ముగ్గురు కొన్నారు. నేను పొంగిపోయాను. రెండు నెలలు తిరక్కుండా మా పిన్ని కూతురు నాకొక వీడియో పంపింది, "అక్కా, ఎవరో ఫార్వర్డ్ చేశారు, గొంతు అచ్చం నీలాగే ఉంది" అని. గొంతు నాదే మరి! ఆ తర్వాత కొత్తగా కొన్నవాళ్లు నలుగురు.

ఏడ్చి ఊరుకునేదాన్నే. కానీ ఆ అరవై ముగ్గురూ రోజూ నాకు ఫొటోలు పంపుతూనే ఉన్నారు. నలభై ఒకటో పాఠం ఎప్పుడని ఒక్కరూ అడగలేదు. "అక్కా, చంక కింద ముడతొస్తోంది", "వెనక మెడ లోతు పెడితే భుజం జారిపోతోంది", ఇవే. ముందు చంకని వెనక చంకకన్నా ఒక అర అంగుళం లోపలికి కోయాలని వీడియోలో చెప్పాను, వాళ్లు చూశారు కూడా. చూసినా, తను కోసిన గుడ్డలో తప్పెక్కడుందో తనకి కనపడదు. అది చెప్పడానికి ఇంకో మనిషి కావాలి. పాఠం యూట్యూబ్‌లో ఊరికే దొరుకుతుంది. "నీ జాకెట్టులో ఇదిగో ఇక్కడ" అని చూపించే మనిషి దొరకదు. చందా కట్టేది ఆ మనిషికి.

అందుకని మీరు మొదట చేయాల్సింది యాప్ వెతకడం కాదు. ఒక నోటుపుస్తకం కొనుక్కుని, మిమ్మల్ని జనం ఊరికే అడిగే ప్రశ్నలన్నీ వారం రోజులు రాయండి. నా పుస్తకంలో వారానికి యాభై రెండు ప్రశ్నలు వచ్చాయి, అందులో ముప్పై ఒకటి చంక, భుజం గురించే. అడిగిందే మళ్లీ మళ్లీ అడుగుతుంటే అక్కడ చందా గ్రూపుకు చోటుంది. ఒక్కసారి చెబితే తీరిపోయే ప్రశ్నలైతే దానికి పుస్తకం అమ్ముకోవాలి గానీ గ్రూపు పెట్టకూడదు. మిద్దెతోట ఆవిడకి పనికొస్తుంది, ఎందుకంటే ప్రతి సీజన్‌కీ కొత్త పురుగు వస్తుంది. కుక్కర్లో కేకు ఎలాగో నేర్పేవాళ్లకి రెండో నెల చందా రావడం కష్టం.

తర్వాత లెక్క. ఎంతమంది వస్తారని కాదు, ఎంతమందికి జవాబు చెప్పగలరన్నది చూసుకోండి. నాకు రోజుకు సుమారు ఇరవై ఫొటోలు వస్తాయి. ఒక్కోదానికి నాలుగు నిమిషాలు, ఫొటో మీద గీత గీసి, వాయిస్ మెసేజ్ పెట్టి. అంటే ఎనభై నిమిషాలు. అంతకు మించి నా కళ్లు ఒప్పుకోవు. అందుకే 150 దాటితే చేర్చుకోను, పేరు రాసుకుని ఖాళీ వచ్చినప్పుడు పిలుస్తాను. మా అబ్బాయికి ఇది నచ్చదు. "వెయ్యిమందిని చేర్చమ్మా" అంటాడు. వెయ్యిమందికి ఫొటోలు చూసేది వాడు కాదుగా.

ధర దగ్గర నేను పట్టుకున్న గుర్తు ఒకటుంది. ఒక పట్టు జాకెట్టు ముక్క పాడైతే కస్టమరుకి ఎంత కట్టుకోవాలో నెల చందా అంతకన్నా బాగా తక్కువుండాలి. అప్పుడు నెలలో ఒక్క ముక్క కాపాడుకున్నా గిట్టుబాటే అని వాళ్లకే తోస్తుంది. మొదట్లో 99 పెట్టాను. చేరి, ఒక్క ఫొటో కూడా పంపకుండా పోయినవాళ్లు అప్పుడే ఎక్కువ. 199 చేశాక చేరేవాళ్లు తగ్గారు గానీ, చేరినవాళ్లు పని చేస్తున్నారు. పాతవాళ్లకు మాత్రం ఏడాదిపాటు 99కే ఉంచాను, మాట పోగొట్టుకోకూడదు కదా.

డబ్బు వసూలు గురించి. యూట్యూబ్‌లోనే మెంబర్‌షిప్ బటన్ ఉంది, కానీ అందులో మనకు అందేది 70 శాతం. పేమెంట్ గేట్‌వే, అంటే ఆన్‌లైన్లో డబ్బు వసూలు చేసిపెట్టే కంపెనీ అయితే మామూలుగా రెండు శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ. అంటే 199లో నాలుగు రూపాయల డెబ్భై పైసలు. నేను రెండోదే పెట్టుకున్నాను. యూపీఐ ఆటోపే పెడితే నెలనెలా దానంతటదే కట్ అవుతుంది, 15,000 రూపాయల లోపు చందాకి ప్రతిసారీ పిన్ కొట్టక్కర్లేదు. అయితే డబ్బు కట్ అయ్యే ముందు, కనీసం 24 గంటల ముందు, వాళ్ల ఫోన్‌కి మెసేజ్ వెళ్లి తీరాలి, అది రిజర్వ్ బ్యాంకు నియమం. ఆ మెసేజ్ చూసే చాలామంది రద్దు చేస్తారు. అందుకే నేను వచ్చే నెల ఏమేం మోడల్స్ కోస్తామో ఆ జాబితా నెలాఖరుకు వారం ముందే పెడతాను. ఇంకో సంగతి, మావాళ్లలో సగంమందికి యూపీఐ ఉండేది భర్త ఫోన్లో. ఆటోపే అనగానే ఆయన "ఇదేం కటింగు?" అంటాడు. వాళ్లకోసం మూడు నెలలకు 549 అని ఒకటి పెట్టాను, ఒకేసారి కట్టేస్తారు. ఏడాది చందా మాత్రం తీసుకోను. మధ్యలో నాకు జ్వరమొస్తే ఆ బాకీ తీర్చలేను.

జీఎస్టీ అని భయపడకండి. సేవలకు ఏడాది మొత్తం రాబడి 20 లక్షలు దాటితేనే రిజిస్ట్రేషన్. నా గ్రూపు రాబడి ఏడాదికి మూడు లక్షల ముప్పై నాలుగు వేలు. కాకపోతే షాపులో వచ్చే కుట్టుకూలి కూడా ఇందులో కలిపే చూడాలి. విదేశాల్లో ఉన్నవాళ్లు చేరితే మాత్రం ఆడిటర్ని అడిగే చేర్చుకోండి.

ఇప్పుడు అసలు తలనొప్పి. నేను వాట్సాప్ గ్రూపుతో మొదలుపెట్టాను. గ్రూపులో ఉన్నవాళ్లందరికీ అందరి నంబర్లూ కనపడతాయి. ఆడవాళ్లు జాకెట్టు వేసుకుని ఫొటో తీసి పెడుతున్నారు, కింద పేరూ నంబరూ. ఒకతను భార్య పేరుతో చేరాడు. ముగ్గురికి రాత్రిళ్లు మెసేజ్‌లు వెళ్లాక గానీ నాకు తెలియలేదు. అందులో ఒకమ్మాయి మళ్లీ ఏ గ్రూపులోనూ చేరలేదు. ఆ తప్పు నాదే. అప్పట్నుంచి మూడు పద్ధతులు పెట్టాను. చేరేముందు నేను ఫోన్ చేసి మాట్లాడతాను, రెండు నిమిషాలు చాలు. టెలిగ్రామ్‌కి మార్చాను, నంబరు ఎవరికీ కనపడని సెట్టింగు వాళ్లచేత పెట్టించాకే లోపలికి చేరుస్తాను. జాకెట్టు హ్యాంగరుకు తగిలించి తీసిన ఫొటో అయితే గ్రూపులో, ఒంటి మీద తీయాల్సి వస్తే మెడ కింద నుంచే తీసి నాకు విడిగా. టెలిగ్రామ్‌లో వీడియోలు సేవ్ కాకుండా, ఫార్వర్డ్ కాకుండా ఆపే సదుపాయం కూడా ఉంది. పక్కన ఇంకో ఫోన్ పెట్టి తీసేవాళ్లను ఎవరూ ఆపలేరు, నేను దానిగురించి పట్టించుకోవడం మానేశాను.

లైవ్ క్లాసు మధ్యాహ్నం రెండున్నరకు. మొదట రాత్రి తొమ్మిదికి పెడితే ఎనిమిదిమంది వచ్చేవారు, అందులో ఇద్దరి వెనక పిల్లల ఏడుపు. రెండున్నరకైతే భోజనాలు అయిపోయి ఉంటాయి, పిల్లలు బడి నుంచి రారు. ముప్పావుగంట, అంతే. సోమవారం ఒక మోడల్ కటింగు, గురువారం ఆ వారం వచ్చిన తప్పుల్లో ఐదు తీసుకుని విప్పి చూపిస్తాను. గురువారానికే జనం ఎక్కువ. ఎదుటివాళ్ల తప్పు చూడటంలో ఉన్న సుఖం అలాంటిది.

సభ్యులు ఎప్పుడు వెళ్లిపోతారో మీకు మీ వృత్తి పంచాంగమే చెబుతుంది. నాకు మూఢం రాగానే రద్దులు మొదలవుతాయి. పెళ్లిళ్లుండవు, జాకెట్లుండవు, వాళ్ల చేతిలో డబ్బాడదు, ముందు తెగేది నా చందానే. ఆషాఢంలోనూ అంతే. మొదట్లో నా క్లాసు బాగోలేదేమోనని టెన్షన్ పడి అదనంగా రోజూ లైవ్ పెట్టి గొంతు పోగొట్టుకున్నాను. ఇప్పుడు "రెండు నెలలు ఆపుకోండి, సీటు ఉంచుతాను" అంటాను. శ్రావణం వచ్చేసరికి వరలక్ష్మీ వ్రతం ఆర్డర్లతో తిరిగొస్తారు, ఎక్కువమంది. ఆ తీరిక నెలల్లో ఉన్నవాళ్లతో వస్త్రలత బట్టల మార్కెట్లో లైనింగ్ ఎలా చూసి తీసుకోవాలో, కుట్టేముందు ఎందుకు తడపాలో, ఇలాంటి తేలిక పాఠాలు చేస్తాను.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్ నగర్, పాయకాపురం మునిగాయి. ఆ వైపు మావాళ్లు పదకొండుమంది. నాలుగు రోజులు ఫోన్లు కలవలేదు. వాళ్లకి మూడు నెలలు చందా ఆపేశాను, అది నేను చేసిన పని. మిగతాది గ్రూపే చేసింది. కృష్ణలంకలో ఒకావిడ భర్త మిషన్ల మెకానిక్. బురద కడిగాక మిషను హెడ్‌ని కిరోసిన్‌తో తుడిచి ఆయిల్ ఎలా వేయాలో, మోటారు పూర్తిగా ఆరకుండా ప్లగ్గు ఎందుకు పెట్టకూడదో ఆయన వీడియో కాల్‌లో ఒక్కొక్కరికీ చూపించాడు. తెనాలి అమ్మాయి తన రెండో మిషను బస్సులో పంపింది. ఇవన్నీ చేయమని నేను ఎవరికీ చెప్పలేదు. అంతకుముందు ప్రతి ప్రశ్నా నా పేరు మీద వచ్చేది. ఆ తర్వాత నేను జవాబు రాసేలోపే ఇంకొకరు రాసేసి ఉంటున్నారు, నా ఎనభై నిమిషాల్లో పాతికైనా మిగులుతున్నాయి.

పాయకాపురం ఆవిడ నవంబరులో తిరిగొచ్చింది. కడిగి బాగుచేసుకున్న మిషను మీద కుట్టిన మొదటి జాకెట్టు ఫొటో పెట్టింది, నీలం రంగు టూ బై టూ గుడ్డ. అందరూ దండాలు, పూలు పెట్టారు. నేను కూడా ఒక దండం పెట్టి, ఫొటో పెద్దది చేసి చూశాను. కుడి చంక కింద అదే ముడత. ముందు చంక మళ్లీ వెనకదానితో సమానంగా కోసింది.