లాకు అంటే తాళం కాదమ్మా!

మా అమ్మాయి స్కూలు ప్రాజెక్టు కోసం గోదావరి కాలువల మీద ఒక ఇంగ్లీషు వ్యాసాన్ని ఫోన్ యాప్‌లో తెలుగు చేసింది. "పడవలు తాళంలోకి వెళ్లి నీరు నిండేదాకా ఆగేవి" అని వచ్చింది. తెల్లారితే ఇవ్వాలి, ఇంట్లో ఒకటే టెన్షన్.

చదవగానే నాకు అర్థమైంది. ఇంగ్లీషులో ఉన్న 'లాక్' (lock) అనే మాటను యాప్ తాళం చేసేసింది. అది ధవళేశ్వరంలో మనం చూసే లాకే. 1852లో ఆనకట్ట పూర్తయ్యాక ఈ కాలువలు పొలాలకు నీళ్లే కాదు, పడవలకు దారి కూడా ఇచ్చాయి. నీటిమట్టం మారే చోట పడవను రెండు గేట్ల మధ్య ఆపి, నీరు పెంచో తగ్గించో అవతలి మట్టానికి తెచ్చేవారు. ఎంత గొప్ప ఏర్పాటో!

డిక్షనరీ తీస్తే 'లాక్' అనే అదే మాటకు తలుపు తాళం, కుస్తీ పట్టు కూడా ఉన్నాయి. జుట్టు పాయకైతే వేరే ఎంట్రీయే. ధనుర్వాతానికి ఇంగ్లీషులో ఉన్న 'లాక్‌జా' (lockjaw) అనే పేరులోనూ ఇదే మాట.

యాప్‌ను పక్కన పెట్టి, ఆ మాట వచ్చిన ప్రతిచోటా చుట్టూ ఉన్న మాటలు చూశాం. నీరు, పడవ, గేటు కనిపిస్తే లాకు అని మార్చాం. ఏడు చోట్ల దిద్దాం. ఒక్కచోట మాత్రం నిజంగా తాళమే, కాపలాదారు గది తలుపుది. దాన్ని అలాగే ఉంచాం.