కొత్త యాంప్ మూడు నెలలకే మొహం మొత్తిందా? ఇంకోటి కొనే ముందు ఇవి చూడండి

నాకొచ్చే ఫోన్లలో సగం ఇలాగే మొదలవుతాయి: "అన్నా, మ్యూజిక్ సిస్టమ్ బాగానే ఉంది గానీ ఏదో లోటు. డీఏసీ మారిస్తే సరిపోతుందంటావా?" (డీఏసీ అంటే డిజిటల్ పాటను యాంప్‌కి వెళ్లే సిగ్నల్‌గా మార్చే పెట్టె.) స్పీకర్ వెనక ఎర్ర వైరు, నల్ల వైరు చూశావా అని అడిగితే చిన్నబుచ్చుకుంటారు. అయినా అక్కడినుంచే మొదలుపెడతాను.

సమస్య: బేస్ పల్చగా ఉంది, గొంతు ఎటునుంచి వస్తోందో తెలియడం లేదు

ఒక స్పీకర్‌కి వైర్లు తిరగబడి ఉంటాయి. లక్షల సిస్టమ్‌లోనూ చూశాను. ఘంటసాల పాడిన పాత మోనో పాట (రెండు స్పీకర్లలోనూ ఒకే శబ్దం వచ్చేది) ఒకటి పెట్టండి. గొంతు రెండు స్పీకర్ల నట్టనడుమ నిలబడాలి. గదంతా చెదిరినట్టుంటే, యాంప్ ఆపేసి ఒక్క స్పీకర్ వెనకాల మాత్రం రెండు వైర్లనూ అటూ ఇటూ మార్చండి.

సమస్య: కొన్ని నోట్లకు బేస్ గుయ్యిమంటుంది, "స", "ష"లు చెవిలో గుచ్చుకుంటాయి

ఇది గది పని. కింద టైల్స్, చుట్టూ బోసి గోడలు, బాల్కనీకి అద్దాల తలుపు, టీవీ యూనిట్ మూలల్లో ఇరికించిన స్పీకర్లు, వెనక గోడకు అతుక్కున్న సోఫా. 12 అడుగుల దూరంలో ఎదురెదురుగా ఉన్న గోడల మధ్య 47 హెర్ట్జ్ దగ్గర శబ్దం ఉబ్బుతుంది, యాంప్ ఏదైనా సరే. స్పీకర్లను రెండడుగులు, సోఫాను ఒక అడుగు ముందుకు లాగండి. తివాచీ, మందపాటి కర్టెన్ వేయండి. ఇంట్లో ఒప్పుకోకపోతే వినేటప్పుడు లాగి, అయ్యాక వెనక్కి తోసేయండి.

సమస్య: రాత్రిపూట తక్కువ వాల్యూమ్‌లో చప్పగా ఉంటుంది

అది మన చెవుల తీరు. శబ్దం తగ్గేకొద్దీ బేస్ మనకు మరీ తక్కువగా వినిపిస్తుంది. 1933లోనే ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు కొలిచి చూపించారు. లౌడ్‌నెస్ బటన్ నొక్కండి, లేదంటే బేస్ నాబ్ కాస్త తిప్పండి. టోన్ కంట్రోల్ ముట్టుకుంటే మైల పడుతుందనుకునేవాళ్లకు నేనేం చెప్పలేను.

సమస్య: కొత్తది వింటే తెర తొలగినట్టుంది, పాతది ఇక వినలేకపోతున్నాను

జనాన్ని ముంచేది ఇదే. నన్నూ ముంచింది. ఎక్స్‌ఎల్‌ఆర్ అవుట్‌పుట్ (మూడు పిన్నుల సాకెట్) ఉన్న డీఏసీ ఒకటి తెచ్చుకుని, పాతదానితో మార్చి మార్చి విన్నాను. వీణ తీగ మీద వేలు జారడం కూడా వినిపించింది. పాతది అమ్మకానికి పెట్టేశాను. కొనడానికి వచ్చినతను మల్టీమీటర్ తీసి స్పీకర్ టెర్మినల్స్ దగ్గర కొలిచాడు. పాతదానికి 1.00 వోల్టు, కొత్తదానికి 1.12. అంటే కొత్తది 1 డెసిబెల్ గట్టిగా మోగుతోంది.

మామూలుగా ఆర్‌సీఏ (ఇళ్లలో వాడే గుండ్రటి సాకెట్) నుంచి 2 వోల్టులు వస్తే ఎక్స్‌ఎల్‌ఆర్ నుంచి 4 వస్తాయి, అంటే 6 డెసిబెళ్లు ఎక్కువ. ఆ సంగతి నాకు తెలుసు, నాబ్ తగ్గించే విన్నాను కూడా. కానీ చెవి అంచనాతో తగ్గించాను. 1 డెసిబెల్ తేడా "గట్టిగా ఉంది" అనిపించదు, "స్పష్టంగా ఉంది" అనిపిస్తుంది. కొన్నాక నాబ్ ఎలాగూ మన మామూలు వాల్యూమ్‌కే వచ్చేస్తుంది, ఆ స్పష్టత కాస్తా మాయమవుతుంది. ఈలోపు ఇంకో డెమోలో ఇంకోటి ఒక పిసరు గట్టిగా మోగుతుంది. మళ్లీ మొదలు.

100 హెర్ట్జ్ టోన్ పెట్టి, మల్టీమీటర్‌ను ఏసీ వోల్టులకు తిప్పి, స్పీకర్ టెర్మినల్స్ దగ్గర కొలవండి. 1 కిలోహెర్ట్జ్ టోన్ వద్దు, చవక మీటర్లు అక్కడ తప్పు చూపించొచ్చు. ప్రోబ్‌లు ఒకదానికొకటి తగిలాయో, యాంప్‌కి మూడినట్టే. ఒకదానికి 1.00 ఉంటే రెండోదానికి 0.99 నుంచి 1.01 లోపు రావాలి. తర్వాత ఇంట్లో ఎవరినైనా వెనక నిలబెట్టి, మీకు చెప్పకుండా పదిసార్లు మార్చమనండి. ఏది మోగుతోందో ఏడుసార్లు సరిగ్గా చెప్పడం గుడ్డిగా ఊహించినా కుదురుతుంది. తొమ్మిది చెప్తే అప్పుడు డబ్బు తీయండి. నేను ఆరు చెప్పాను. పాత డీఏసీ ఇంకా నా దగ్గరే ఉంది.

స్పీకర్లనే ఒకదానితో ఒకటి పోల్చాలంటే ఈ వోల్టు లెక్క పనికిరాదు. పింక్ నాయిస్ (వాన హోరులాంటి పరీక్ష శబ్దం) పెట్టి, కూర్చునే చోట ఫోన్ యాప్‌తో సుమారుగా సరిచూసుకోండి.

మిగతావి

కేబుళ్ల గురించి అడక్కండి. నాబ్ తిప్పితే గరగరమంటే కాంటాక్ట్ క్లీనర్ కొట్టండి. ఉన్నట్టుండి ఒక పక్క శబ్దం మసకబారితే ఎడమ, కుడి వైర్లు మార్చి చూడండి, తర్వాత స్పీకర్లనూ అటూ ఇటూ మార్చి చూడండి. అయినా మసక అదే పక్కన ఉంటే చెవి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. నాకు తెలిసినాయన ఒకరు యాంప్‌కి అడ్వాన్స్ కూడా కట్టేశాక చెవిలో గులిమి తీయించుకున్నారు.