బైబిల్ వాక్యాన్ని వంచకుండా ప్రసంగం సిద్ధం చేయడం

ముందు అంశం అనుకుని, దానికి అతికే వచనం కోసం వెతకడం దగ్గరే చాలా ప్రసంగాలు దారి తప్పుతాయి. వాక్యభాగంతోనే మొదలుపెట్టండి. ప్రార్థించి, ఆ అధ్యాయమంతా మూడుసార్లు చదవండి, ఒకసారైనా పైకి.

అపొస్తలుడైన పౌలు ఫిలిప్పీ సంఘానికి రాసిన పత్రికలో 4:13నే తీసుకోండి. "సమస్తమును చేయగలను" అన్న మాటను పరీక్షల్లో, వ్యాపారంలో గెలుపుకు వాగ్దానంగా చెప్పేస్తుంటారు. 11, 12 వచనాలు చూస్తే పౌలు మాట్లాడుతున్నది ఆకలిలోనూ సమృద్ధిలోనూ తృప్తిగా ఉండటం గురించి. పైగా ఆయన అప్పుడు బంధకాల్లో, అంటే ఖైదులో ఉన్నాడు (1:13). ఎవరు, ఎవరికి, ఏ స్థితిలో రాశారో తేలాక, వాక్యభాగం సారాన్ని ఒకే వాక్యంలో రాయండి. రాయలేకపోతే ఇంకా అర్థం కాలేదన్నమాట, మళ్లీ చదవండి. వ్యాఖ్యాన గ్రంథాలు తెరవాల్సింది ఆ తర్వాతే.

"దేవుడు నాతో చెప్పాడు" అంటూ సొంత ఆలోచనకు ముద్ర వేయకండి. బోధకులకు మరింత కఠినమైన తీర్పు ఉందని యాకోబు 3:1 ఊరికే హెచ్చరించలేదు. నవ్వించే పిట్టకథ ఒకటి చాలు, అదీ అవసరమైతేనే. యేసు మరణాన్ని తలచుకుంటూ రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ప్రభువు బల్ల దగ్గర అసలే వద్దు.

తప్పు చెప్పినట్టు తర్వాత తెలిస్తే, వచ్చే ఆదివారం అదే వేదిక మీద, అదే సంఘం ముందు సరిదిద్దండి. రెండు నిమిషాలు పడుతుంది.